చేపల పులుసుకు మ్యూజియంలో చోటుందా?

క్లుప్తంగా: మ్యూజియంలో రెస్టారెంటు అంటే అనవసరపు హంగుగా తోస్తుంది. కానీ సందర్శకులు లోపల ఎంతసేపు ఉంటారు, ఎలాంటివాళ్లు ఉండగలుగుతారు, టికెట్టు డబ్బులు పోను మ్యూజియానికి ఇంకేం మిగులుతుంది అన్నవి చాలావరకు దానితో ముడిపడి ఉన్నాయి. కళాఖండాల పక్కన పొయ్యి వెలిగిస్తే పురుగు, తేమ, జిడ్డు, పులుపు అనే నాలుగింటిని కాచుకోవాలి. బిల్లు పెరగడానికి అదొక కారణం, పనివేళలు ఇంకొక కారణం. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు న్యూయార్క్, బెంగళూరు పద్ధతి కన్నా, భోజనశాలలోనే ప్రదర్శనశాల పెట్టిన అహ్మదాబాద్ పద్ధతి దగ్గరగా ఉంటుంది.

నెల్లూరు వాళ్లకు చెన్నై అంటే పొద్దున రైలెక్కి రాత్రికి తిరిగొచ్చే ఊరు. ఆసుపత్రి పనో, పెళ్లి చీరల బేరమో అయ్యాక, పిల్లలు వెంట ఉంటే ఎగ్మోరు మ్యూజియం చూపించడం చాలా ఇళ్లలో ఉన్నదే. సంచిలో పులిహోర పొట్లాలు, పెరుగన్నం డబ్బా ఉంటాయి. కంచు విగ్రహాల గది సగంలో ఉండగా పిల్లలకు ఆకలేస్తుంది. పొట్లం లోపల విప్పనివ్వరు కాబట్టి చెట్టు నీడ వెతుక్కుంటూ బయటికి రావాలి. తిన్నాక మళ్లీ లోపలికి వెళ్లే కుటుంబాలు తక్కువ. మిగతా సగం అలాగే ఉండిపోతుంది.

ఈమధ్య కథ మారుతోంది. బెంగళూరులో 2023 ఫిబ్రవరిలో తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ భవనంలోనే కేఫ్ ఉంది. ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియంలోని కేఫ్ లోటా ప్రాంతీయ వంటలకు పేరు తెచ్చుకుంది. పాట్నాలోని బిహార్ మ్యూజియంలో లిట్టీ చోఖా వడ్డించే రెస్టారెంటు నడిచింది. అక్కడిదాకా వెళ్లొచ్చినవాళ్ల ప్రశ్నలు దాదాపు ఒకటే. బొమ్మలు చూసే చోట భోజనమేంటి? ఊళ్లో మెస్సులో ఫుల్ మీల్స్ వచ్చే డబ్బుకు అక్కడ ఒక ప్లేటు చిరుతిండేంటి? అంత పెట్టగలిగే వాళ్లు మన జిల్లాల్లో మ్యూజియానికి వస్తారా?

అసలు ఎలా మొదలైంది

మ్యూజియం లోపల భోజనశాల పెట్టడం లండన్‌లో మొదలైందని చెబుతారు. ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అని పిలుస్తున్న సంస్థ 1857లో సౌత్ కెన్సింగ్టన్‌లో తలుపులు తెరిచింది. తొలి డైరెక్టర్ హెన్రీ కోల్ ఆలోచన తేలికైనదే. పగలంతా పనిచేసే జనం మ్యూజియానికి రావాలంటే సాయంత్రం కూడా తెరిచి ఉండాలి. అందుకు గ్యాసు దీపాలు పెట్టించాడు. సాయంత్రం వచ్చినవాడికి ఆకలేస్తుంది కాబట్టి తిండీ పెట్టించాడు.

1860లలో కట్టిన ఆ భోజనపు గదులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. వాటిలో ఒకటైన గ్యాంబుల్ గదిలో గోడలకు, స్తంభాలకు నున్నటి పింగాణీ పలకలు, పైకప్పుకు ఎనామిల్ రేకులు వేశారు. చూడటానికి వైభవమే గానీ అసలు ఉపయోగం వేరు. వాటికి నిప్పు అంటుకోదు, తడిగుడ్డతో తుడిస్తే జిడ్డు పోతుంది. మన ఊళ్లలో టిఫిన్ హోటళ్ల గోడలకు నడుమెత్తు దాకా తెల్ల టైల్స్ వేయడంలో ఉన్న తెలివీ ఇదే.

అప్పటి వడ్డనలో తరగతులు కూడా ఉండేవి. మొదటి తరగతి మెనూ వేరు, రెండో తరగతి మెనూ వేరు, పనివాళ్లకు మూడో రకం వడ్డన. కళ అందరిదీ అని తలుపులు తెరిచిన చోటే పళ్లెం దగ్గర మనుషుల్ని విడదీశారు. ఇప్పుడు బోర్డు మీద తరగతులు రాయరు, ధరలే ఆ పని చేస్తాయి.

ఆకలి ఒక్కటే అయితే బిస్కెట్ పొట్లంతో సరిపోయేది. అలసట ఇంకొకటుంది. అమెరికాలో బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లో ‘మ్యూజియం అలసట’ మీద వ్యాసం రాశాడు. అద్దాల పెట్టెల్లోని వస్తువుల్ని చూడటానికి మనిషి ఎలా వంగుతాడో, ఎలా గొంతుక్కూచుంటాడో, మెడ ఎలా సాచుతాడో ఫొటోలు తీసి చూపించాడు. నడక కన్నా నిలబడి వంగి చూడటమే ఒంటిని ఎక్కువ పిండేస్తుంది. తిరుమల క్యూలో నడిచే భాగం కన్నా ఆగి నిలబడే భాగమే కష్టమన్నది అనుభవం ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు అంతమంది కూర్చుని ఉండటానికి ఆ బొమ్మ ఎంత కారణమో, అక్కడ కూర్చునే వీలు దొరకడమూ అంతే కారణం కావచ్చు.

కుర్చీ, కాఫీ దొరికితే మనిషి ఇంకో రెండు గదులు చూస్తాడు. మ్యూజియంలో భోజనశాల ప్రాథమిక లెక్క అది.

బిల్లు ఎందుకు బరువెక్కుతుంది

మ్యూజియాలు రెస్టారెంటును చాలావరకు సొంతంగా నడపవు. టెండరు పిలిచి బయటి సంస్థకు అప్పగిస్తాయి. నెలకు ఇంత అని లైసెన్సు ఫీజు తీసుకోవడం ఒక పద్ధతి, అమ్మకంలో శాతం తీసుకోవడం ఇంకొకటి. రెండూ కలిపేవాళ్లూ ఉన్నారు. ఫీజు పద్ధతిలో నష్టభయం అంతా హోటలువాడిది. జనం రాకపోయినా నెల తిరిగేసరికి కట్టాలి కాబట్టి ధర పెంచుతాడు, లేదా పప్పు పలచన చేస్తాడు. శాతం పద్ధతిలో మ్యూజియం కూడా సగం హోటలుదారే. జనాన్ని రప్పించే బాధ్యత దానిమీదా పడుతుంది.

టికెట్టు లేని చోట ఈ రాబడికి విలువ ఎక్కువ. బ్రిటన్‌లోని జాతీయ మ్యూజియాల్లో శాశ్వత ప్రదర్శనలకు 2001 డిసెంబరు నుంచి ప్రవేశ రుసుము లేదు. లోపలికి ఉచితంగా వచ్చిన మనిషి ఖర్చు పెట్టేది పుస్తకాల దుకాణంలో, కాఫీ బల్ల దగ్గర. మన దేశంలో ప్రభుత్వ మ్యూజియాల టికెట్లు చవక. వాటి నడక ప్రధానంగా సర్కారు నిధుల మీద. అందుకే క్యాంటీన్ బాగుండాలన్న తొందర పై నుంచి రాదు.

ఇక వేళల సంగతి. ఇది మామూలుగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ బిల్లును పెంచే అసలు సంగతి ఇదే. సాలార్‌జంగ్‌కు, ఎగ్మోరుకు శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లోనూ సాయంత్రం ఐదు దాటాక గేట్లు మూతపడతాయి. హోటలు వ్యాపారంలో డబ్బు వచ్చేది రాత్రి భోజనం దగ్గర, పండగలూ సెలవుల్లో. ఆ రెండూ పోతే మధ్యాహ్నం పూట అమ్మకంతోనే అద్దె, జీతాలు, కరెంటు అన్నీ రాబట్టుకోవాలి. న్యూయార్క్‌లో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉన్న ‘ది మోడర్న్’ రెస్టారెంటుకు వీధిలోంచి వేరే తలుపుంది. మ్యూజియం మూసేసినా అది రాత్రి భోజనం పెడుతుంది. మంచి రెస్టారెంట్లకు మిషెలిన్ గైడు ఇచ్చే నక్షత్రాలు దానికి రెండు రావడంలో వంటవాడి చేయి ఎంతో, ఆ వేరే తలుపూ అంతే. గేటు ఒక్కటే ఉన్న మ్యూజియంలో అలాంటి రెస్టారెంటు నిలబడదు.

వీటి పైన రెస్టారెంటు బిల్లుకు 5 శాతం జీఎస్టీ ఉంటుంది. సర్వీసు చార్జీ అని ఇంకో గీత కనిపిస్తే అది ఇష్టమైతేనే ఇవ్వాలి. బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది.

వంటశాల, నర్తనశాల

తిక్కన నెల్లూరు మనిషి. ఆయన తెలుగులో చెప్పిన విరాటుడి కొలువులో వంటశాలా ఉంది, నర్తనశాలా ఉంది. వంటశాలలో వలలుడు, నర్తనశాలలో బృహన్నల. పగలు ఎవరి పని వారిది. ఒక రాత్రి వంటవాడు నర్తనశాలకు వెళ్లాడు, తెల్లారేసరికి కీచకుడు ముద్దగా దొరికాడు. మ్యూజియం సంరక్షకుల భయం కూడా అచ్చంగా అదే. వంటశాల వంటశాలలో ఉన్నంతసేపు పేచీ లేదు.

మొదటి పేచీ పురుగులతో. ఎర్ర మిరపకాయల్లో, ధనియాల్లో, పసుపు కొమ్ముల్లో పట్టే గోధుమరంగు చిన్న పెంకు పురుగు ఒకటుంది. ప్రకాశం జిల్లాలో పొగాకు గోడౌన్ల వాళ్లకు దాని సంగతి బాగా తెలుసు, ఎందుకంటే దాని ఇంగ్లీషు పేరే సిగరెట్ బీటిల్. ఈ పురుగుకు మసాలా డబ్బా ఎంతో పాత పుస్తకం అట్ట కూడా అంతే. వంటగదిలో ధనియాల సంచితో వచ్చి, గోడ అవతల తాళపత్రాల గదిలో కాపురం పెట్టగలదు. వెండి రంగులో మెరుస్తూ పరిగెత్తే పుస్తకాల పురుగుకు గంజి ఇష్టం. గంజి పెట్టిన వెంకటగిరి నూలుచీర దానికి విందు. పట్టుకు, ఉన్నికి చిమ్మెటలున్నాయి. ఇంట్లో అయితే బీరువాలో కలరా ఉండలు వేసి ఊరుకుంటాం. వాటి ఆవిరి మనుషులకు మంచిది కాదు, కొన్ని రకాల వస్తువులకూ పడదు. అందుకే మ్యూజియాల్లో కొత్తగా వచ్చిన బట్టనో, పుస్తకాన్నో ప్లాస్టిక్‌లో గట్టిగా చుట్టి మైనస్ 30 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచడం లాంటి పద్ధతులు పాటిస్తారు. ఇంత చేసే చోట మెతుకు రాలితే ఎందుకు కంగారు పడతారో అర్థం చేసుకోవచ్చు.

రెండోది తేమ. చెక్క, బట్ట, కాగితం గాలిలోని తేమను బట్టి ఉబ్బుతాయి, ముడుచుకుంటాయి. తేమ శాతం యాభై దగ్గర నిలకడగా ఉండాలన్నది మ్యూజియాలు చాలాకాలం పట్టుకున్న కొలత. కోస్తాలో అది మామూలుగానే కష్టం. నెల్లూరుకు వానలు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ రోజుల్లో తలుపులే బిగుసుకుపోతాయి. అలాంటి ఊళ్లో పక్కగదిలో ఇడ్లీ పాత్రలు పొగలు కక్కుతుంటే ఏసీ యంత్రానికి రెండు యుద్ధాలు.

మూడోది జిడ్డు. తాలింపు వేసినప్పుడు నూనె కంటికి కనిపించనంత సన్నటి తుంపరగా గాలిలోకి లేస్తుంది. అది ఎక్కడ వాలితే అక్కడ దుమ్ము అతుక్కుంటుంది. ఏళ్ల తరబడి వంటింటి దేవుడి పటం ఎలా అయిపోతుందో అందరూ చూసిందే. తైలవర్ణ చిత్రానికీ అదే గతి పడుతుంది, తుడవడం మాత్రం పటం తుడిచినంత తేలిక కాదు. దీనికి విరుగుడు గాలి నడకలో ఉంది. చిత్రాల గదిలో గాలి ఒత్తిడి కాస్త ఎక్కువ, వంటగదిలో తక్కువ ఉండేలా చూస్తారు. అప్పుడు తలుపు తీసిన ప్రతిసారీ గాలి చిత్రాల వైపు నుంచి పొయ్యి వైపుకే పోతుంది, అక్కడి నుంచి చిమ్నీలోకి. కొన్నిచోట్ల అసలు మంట లేకుండా కరెంటు పొయ్యిలతోనే సరిపెడతారు.

నాలుగోది పులుపు. ప్రకాశం జిల్లా దొనకొండ మండలం చందవరంలో గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధస్తూపం ఉంది. అక్కడి శిల్పాలు సున్నపురాయివి. సున్నపురాయికి ఆమ్లం పడదు. నిమ్మరసం చుక్క పడితే సన్నగా నురగ వస్తుంది, తుడిచాక చూస్తే నున్నటి చోట గరుకు మచ్చ మిగులుతుంది. చింతపులుసు పడినా నిదానంగా అదే జరుగుతుంది. నిమ్మకాయల మార్కెట్లకు పేరుపడ్డ గూడూరు, పొదలకూరు నెల్లూరు ప్రాంతంలోనివే. రెండు వేల ఏళ్లు వానకు, ఎండకు తట్టుకున్న చెక్కడాన్ని ఒక్క సోడా గ్లాసు పాడుచేయగలదు. మార్కాపురం పలకరాయికి మాత్రం ఆ బెంగ తక్కువ. మంచి పలకరాయి పులుపును బాగా తట్టుకుంటుంది. విదేశీ రెస్టారెంట్లలో చీజ్ ముక్కల్ని నల్ల పలక మీద పెట్టి తెచ్చే మోజు ఒకటుంది. మనం ఎక్కాలు రాసుకున్న దానిమీద వాళ్లు వడ్డించుకుంటున్నారు.

ఈ నాలుగూ కాక ఇప్పుడు భద్రత భయం కలిసింది. 2022 అక్టోబరు 14న లండన్ నేషనల్ గ్యాలరీలో పర్యావరణ ఉద్యమకారులు వాన్‌గో పొద్దుతిరుగుడు పూల చిత్రం మీద టమాటా సూపు పోశారు. ముందు అద్దం ఉండటంతో బొమ్మ బతికింది, చట్రం దెబ్బతింది. అలాంటివే మళ్లీ జరగడంతో 2024 అక్టోబరులో ఆ గ్యాలరీ సందర్శకులు ద్రవపదార్థాలు తేకుండా నిషేధించింది. ఇంటి డబ్బాకు గేటు దగ్గరే అడ్డం పడితే, లోపల అమ్మేదే గతి.

పళ్లెమే ప్రదర్శన అయితే

కొన్ని మ్యూజియాలు వంటకాన్నే ప్రదర్శన వస్తువుగా మార్చాయి. వాషింగ్టన్‌లో అమెరికా ఆదివాసుల మ్యూజియంలోని మిట్సిటమ్ కేఫ్ పేరుకు అక్కడి స్థానిక భాషల్లో ‘తిందాం రండి’ అని అర్థం. ఖండంలోని ఒక్కో ప్రాంతపు ఆదివాసుల వంటలను ఒక్కో చోట వడ్డించేలా దాన్ని ఏర్పాటు చేశారు. పై అంతస్తులో చూసిన బుట్టలో ఏ గింజ పోసుకునేవారో కింద పళ్లెంలో తెలుస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియంలో 2016లో మొదలైన ‘ఇన్ సీటూ’ ఇంకో అడుగు వేసింది. ప్రపంచంలోని పేరున్న వంటవాళ్ల వంటకాలను, చిత్రాలను అరువు తెచ్చుకున్నట్టే వాళ్ల అనుమతితో తెచ్చి వండింది. ఆలోచన గొప్పదే, 2021లో మూతపడింది.

భోజనపు గది గోడలే తలనొప్పి తెచ్చిన సందర్భం లండన్ టేట్ బ్రిటన్ కళా గ్యాలరీలో ఉంది. అక్కడి రెస్టారెంటు గోడల చుట్టూ రెక్స్ విస్లర్ 1927లో ఒక పెద్ద చిత్రం వేశాడు. అరుదైన మాంసాల వేటకు బయల్దేరిన బృందం కథ అది. ఒక మూల మెడకు తాడుతో లాక్కెళ్తున్న నల్లజాతి పిల్లవాడి బొమ్మ ఉంది. దశాబ్దాల పాటు జనం దాని కిందే కూర్చుని తిన్నారు. 2020లో మూసిన ఆ గదిని తర్వాత రెస్టారెంటుగా తెరవలేదు. 2024 నుంచి, ఆ చిత్రానికి ఎదురు ప్రశ్న వేసే కళాకృతిని అందులోనే ప్రదర్శించారు. గ్యాలరీలో బొమ్మ ముందు మనిషి నిలబడేది అరనిమిషం. భోజనపు బల్ల దగ్గర గంట కూర్చుంటాడు. గోడ మీద ఏముందన్నది అక్కడే ఎక్కువ కనిపించాలి. అంతకాలం పెద్దగా అడ్డుచెప్పిన వాళ్లు లేకపోవడం కూడా ఆ గది చెప్పే చరిత్రలో భాగమే.

ఇక్కడ ఏది నిలుస్తుంది

చందవరం దగ్గర ఇప్పుడు రెస్టారెంటు పెడితే నెల తిరక్కుండా మూసుకోవాలి. వచ్చే జనం తక్కువ, వచ్చినవాళ్లూ అన్నం కట్టుకునే వస్తారు. అక్కడ ముందు కావాల్సింది కాపలా. అక్కడి నుంచి దొంగతనంగా దాటిపోయిన బుద్ధుడి ఆరాధకుల శిల్పఫలకం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరి, 2016లో తిరిగి దేశానికి వచ్చింది. నీళ్ల కుళాయి, నీడ, శుభ్రమైన మరుగుదొడ్డి, శిల్పాలకు దూరంగా పొట్లం విప్పుకునే అరుగు ఉంటే ఆ చోటికి అవే చాలు.

జనం ఎక్కడున్నారో అక్కడికి వస్తువును తీసుకెళ్లడం రెండో దారి. అహ్మదాబాద్‌లో విశాలా అనే పల్లెటూరి తరహా భోజనశాల 1978లో మొదలైంది. కొన్నేళ్లకు దాని ఆవరణలోనే విచార్ పేరుతో పాత్రల మ్యూజియం పెట్టారు. బిందెలు, చెంబులు, అడకత్తెరలు, వేల వస్తువులు. భోజనానికి వచ్చినవాళ్లే సందర్శకులు. టేబుల్ ఖాళీ అయ్యేదాకా ఎదురుచూసే అరగంట మ్యూజియానికి దక్కుతుంది. పైన చెప్పిన వేళల చిక్కు ఇక్కడ ఉండదు. వండేది హోటలు, రాత్రి దాకా తెరిచి ఉంటుంది. లోహపు పాత్రలకు పురుగు భయం, జిడ్డు భయం కూడా కొంత తక్కువే.

నెల్లూరు, కావలి, ఒంగోలు మూడూ చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి 16 మీదున్నాయి. దారిన పోయే కార్లు, బస్సులు భోజనానికి ఆగే అలవాటు ఏనాటినుంచో ఉంది. వాళ్లలో మ్యూజియానికని బయల్దేరినవాళ్లు ఉండరు. చేతులు కడుక్కునే చోటుకూ బల్లకూ నడుమ ఒక గోడ, నాలుగు అద్దాల పెట్టెలు ఉంటే చూసి వెళ్తారు. వెంకటగిరి జాందానీ పల్లూ ఒకటి, ఉదయగిరి చెక్క చెంచాలు కొన్ని, మార్కాపురం పలకలు, చందవరం శిల్పానికి ఒక నమూనా. అసలు శిల్పాన్ని అలాంటి చోట పెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

వంటకం విషయంలో నెల్లూరుకు ఒక లాభం కలిసొచ్చింది. మ్యూజియంలో మంట వద్దనుకున్నప్పుడు పెద్ద సంస్థలు బయట వండించి లోపల వేడి మాత్రమే చేస్తాయి. దోసె, పూరీ అలా కుదరవు. చాలా కూరలు కూడా రెండోసారి వేడి చేస్తే చప్పబడతాయి. మామిడికాయ వేసిన చేపల పులుసు మాత్రం మర్నాటికే రుచి. రాత్రంతా ముక్కకు పులుపు పడుతుంది, మెంతివాసన కుదురుకుంటుంది, నూనె పైకి తేలుతుంది. ఊరవతల మట్టికుండలో వండి మూత కట్టి తెస్తే, మర్నాడు మ్యూజియం గదిలో సన్నటి సెగ చూపిస్తే చాలు. చిక్కల్లా వాసనతో. అది తలుపు సందులోంచి కూడా వస్తుంది, మధ్యాహ్నం పన్నెండింటికి జనం శిల్పాల ముందు ఎక్కువసేపు నిలబడరు.

ఇక ఉదయగిరి చెంచా. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చెక్క సామాన్లలో ఒక చెంచా చేతిలోకి తీసుకుంటే ముందు తెలిసేది బరువు లేకపోవడం. కాడ చివర సన్నటి చెక్కడం, దొప్ప అంచు గోరంత పలచన. అదే చెంచా ఒకటి పెట్టెలో, ఒకటి పళ్లెంలో, పది కౌంటరు దగ్గర అమ్మకానికి ఉంటే ప్రదర్శన, భోజనం, అమ్మకం ఒక్క గదిలో కలుస్తాయి. చేసిన కుటుంబానికీ నాలుగు డబ్బులు వస్తాయి.

పేచీ కడగడం దగ్గర. హోటలు పెరట్లో స్టీలు తొట్టి నిండా సోడా కలిపిన వేడినీళ్లు ఉంటాయి. గిన్నెలన్నీ అందులో వేసి అరగంట నాననిస్తారు. చెక్క చెంచా అక్కడ నాలుగు రోజులుంటే ఉబ్బి, ఎండలో పగిలి, కాడ వంకరపోతుంది. విడిగా తుడిచి నీడన ఆరబెట్టాలంటే దానికో మనిషి ఉండాలి. పులుసులో పెడితే ఒక్కపూటకే పసుపు, చింతపండు రంగు పట్టి ఎంత తోమినా వదలదు. అందుకని దాన్ని పాయసానికో, పెరుగన్నానికో వాడుకోవడం మేలు. పులుసన్నానికి నెల్లూరులో చెంచా ఎవరూ అడగరు.